వేయి కడవల నీరు

ఈ దేశంలో వేసవి అని వేరుగా ఒక ఋతువు లేదు. పొద్దున్న ఎంత ఎండ కాసినా సాయంత్రానికి ఎక్కడినుంచో ఒక మబ్బు కమ్ముకొని వచ్చి రేకుల కప్పు మీద వాన దడదడలాడిస్తుంది. చిన్నతనంలో మా ఎస్టేటు తెలుగు బడిలో పంతులుగారు గ్రీష్మవర్ణన పద్యాలు చెప్పేవారు. నోళ్ళు తెరిచిన నేల, ఎండమావుల వెంట పరుగెత్తే లేళ్ళు, అడుగంటిన మడుగులలో పొరలాడే చేపలు. ఆయన తాత్పర్యం చెబుతుండగానే వాన మొదలై ఆ గొంతు మాకు వినబడేది కాదు. మేము ఒకరి ముఖం ఒకరు చూచి నవ్వుకొనేవాళ్ళం. అవన్నీ సముద్రానికి ఆవలి ఒడ్డున, మా తాతలు విడిచివచ్చిన సీమలో జరిగే సంగతులని మా నమ్మకం. డెబ్బయి దాటిన తరువాత ఆ పద్యాలకు ప్రతిపదార్థం మా యింటి కిటికీలోనుంచే కనబడుతుందని నేను కలలోనైనా అనుకోలేదు.

మా యిల్లు మలయా దేశపు పేరాక్ నది సముద్రంలో కలిసే చోటికి చేరువగా, హుటాన్ మెలింటాంగ్ రేవుకు మోటారు సైకిలు మీద పోయివచ్చే దూరంలో, ఒక పామాయిల్ ఎస్టేటులో ఉంది. మా యిల్లు అనడం అలవాటు చేత అంటున్న మాట. అది కంపెనీవారి ఇల్లు. మా తాత శ్రీకాకుళం వైపునుంచి వచ్చి ఈ బురదనేలలో కాలువలు తవ్విన నాటినుంచీ పని ఉన్నవారికే ఇల్లు అన్నది ఇక్కడి ధర్మం. నేను బడిలో తెలుగు చెప్పినంతకాలం ఆ యింట నా చెల్లుబాటు సాగింది. నేర్చుకొనే పిల్లలు లేక తరగతి మూతపడ్డాక నా కుమార్తె ఎస్టేటు మొక్కల నర్సరీలో పనికి కుదిరి ఇంటిని నిలబెట్టింది. అల్లుడు రేవులో చేపల పడవలకు మరమ్మతులు చేస్తాడు. పడవలు కదిలిన నెలలో పని ఉంటుంది, కదలని నెలలో ఉండదు. కనుక మా తలలమీది కప్పు ఆమె ఉద్యోగమనే ఒంటి స్తంభం మీద నిలిచి ఉంది.

పామాయిల్ మొక్కను ఏడాదికి తక్కువ కాకుండా నల్లని ప్లాస్టిక్ సంచిలో పెంచి, ఆ తరువాత తోటలో నాటుతారు. ఆ సంచులు నీడ అన్నది లేని మైదానంలో వరుసలు తీరి నిలబడి ఉంటాయి. రెండు పూటలా నీరు పెట్టవలసిందే. ఒక్క పూట తప్పినా లేత ఆకు ముడుచుకొంటుంది. ఆ నీరు నర్సరీ నడుమ తవ్విన కుంటలోనిది. వానలే దానిని నింపుతాయి. నర్సరీకి ఒక ప్రక్కగా పరిట్ పారుతుంది. పరిట్ అంటే తోటలను చీల్చుకొంటూ నదిదాకా తవ్విన కాలువ. ఇక్కడ అందరమూ ఆ మలయా మాటనే వాడతాము. పరిట్ కొసన నది గట్టులో ఒక ఇనుప తలుపు ఉంది. సముద్రం పోటెత్తినపుడు దానిని మూసి ఉప్పునీటిని ఆపుతారు. పాటు వేళ తెరిచి లోపలి నీటిని వదులుతారు. వానలు ఉన్నంతకాలం లోపలి నీటి బలమే ఉప్పును ఆవల నిలబెడుతుంది. వానలు లేనపుడు తలుపు సందులగుండా, గట్టు అడుగునుంచి, ఆ ఉప్పు చప్పుడు చేయకుండా పైకి పాకుతుంది.

అందువల్ల మావాళ్ళకు ఒక అలవాటు ఏర్పడింది. పరిట్ నీటిని మొక్కకు పోయాలన్నా, గిన్నె కడగాలన్నా, ముందుగా వేలు ముంచి నాలుకకు రాసుకొంటారు. చప్పగా ఉంటే వాడతారు, ఉప్పగిల్లితే పారబోస్తారు. చంకలో బిడ్డ ఉన్న తల్లి కూడా ఆ బిడ్డను రెండో చంకకు మార్చి మరీ ఈ పని చేస్తుంది. అది ఆలోచించి చేసే పని కాదు. కంట్లో నలుసు పడితే రెప్ప మూసుకొన్నంత సహజం.

ఆ యేడు వాన మొదట కొన్ని సాయంత్రాలు తప్పించుకొన్నది. తరువాత మబ్బు రావడమే మానింది. కుంట మెల్లమెల్లగా దిగిపోయి గట్టుచుట్టూ మెట్లవలె బురద చారలు తేలాయి. ఆ పైన అడుగు కనబడింది. నది ఆవల, ఆకూ అలమూ కుళ్ళి పేరుకొన్న నేలల లోపల నిప్పు రాజుకొని, మంట కనబడకుండా పొగ మాత్రం రోజంతా తేలివస్తూ ఉండేది. సూర్యుడు ఆ పొగలో రాగిపళ్ళెమువలె కనబడేవాడు గాని, వేడిమి మాత్రం రవ్వంతైనా తగ్గేది కాదు. పక్క ఎస్టేటులో నర్సరీనే ఎత్తివేశారనీ, మొక్కలు బయటినుంచి కొంటున్నారనీ, అక్కడి ఆడవాళ్ళను ఇళ్ళు ఖాళీ చేయమన్నారనీ రేవులో విని వచ్చి మా అల్లుడు చెప్పాడు. చెబుతున్నప్పుడు అతడు నావైపుగాని భార్యవైపుగాని చూడలేదు. చేతిలోని పానాను గుడ్డతో తుడుస్తూనే ఉన్నాడు.

ఒకనాటి మధ్యాహ్నం నా కుమార్తె భోజనానికి వచ్చి, కంచం ముందు కూర్చొని, అన్నం కలపక అలాగే చూస్తూ ఉండిపోయింది. ముఖం కందిపోయి ఉంది, పెదవులు మాత్రం పాలిపోయాయి.

"ఏమమ్మా, ఒంట్లో బాగులేదా?" అన్నాను.

"ఏటీ లేదు నాన్నా. కల్లు తిరిగినాయి. వరసల మజ్జిని కాసేపు కూకున్నాను."

"ఎవరైనా చూశారా?"

నా నోట వచ్చిన ప్రశ్న అది. మంచినీళ్ళు తాగావా అని కాదు, కాసేపు పడుకో అని కాదు. భయం ఇంటిలోపలికి వచ్చి ఎంత చనువుగా కూర్చొన్నదో నాకు ఆ క్షణాన తెలిసింది. ఆమె మాత్రం ఆ ప్రశ్నను సహజంగానే తీసుకొన్నది.

"సూడలేదులే. సూస్తే సిన్నదొర ఆస్పత్రికి పొమ్మంతాడు. నాను ఆస్పత్రికి పోతే పంపు కాడ ఇంకోరు నిలబడతారు. ఇంకోరు నిలబడితే నాతో పనేటి, లా."

మాట చివర మలయావారి 'లా' తగిలించడం ఇక్కడ పుట్టిన వారందరికీ అలవాటే. చిన్నదొర అంటే ఎస్టేటు మేనేజరుకు సహాయకుడు, ముప్పయి నిండని మలయా యువకుడు. తెల్లదొరలు పోయి తరాలు గడిచినా మా నోట ఆ పదం పోలేదు.

ఆ సమయానికే గొడుగు వేసుకొని మా అప్ప వచ్చింది. నాకంటె పదేళ్ళు పెద్దది. మా వరుస ఇళ్ళ చివర, పరిట్ గట్టున ఉన్న చిన్న శివాలయానికి ఆమే ధర్మకర్త, ఆమే తోటమాలి, ఆమే కాపలాదారు. పూజారి లేడు గనుక మంత్రం చదివే పని నాది. గొడుగు మూసి గుమ్మంలోనే నిలబడి నా మీదికి వచ్చింది.

"ఓరి తమ్ముడా, ఇంత సదువు సదివినావు. ఒక్క సినుకు రప్పించలేవేట్రా?"

"చదువుకూ వానకూ సంబంధం ఏమిటి అప్పా?"

"నాకేటి తెలుసు? నాయిన సదివితే వచ్చీది. నువ్వు సదివితే గుడి పావురాలు లెగిసిపోతాయి, అంతే."

నా కుమార్తె ఆ రోజు మొదటిసారి నవ్వింది. అప్ప ఆ నవ్వును పట్టుకొని అసలు సంగతి బయటపెట్టింది. శివునికి సహస్రఘటాభిషేకం చేయాలి. వేయి కడవల నీరు పోసి లింగం మునిగేదాకా గర్భగుడి నింపాలి. పోస్తున్నంత సేపూ నేను పర్వం చదవాలి. వానలు ముఖం చాటువేసినపుడు తెలుగునాట ఏ పర్వం చదివిస్తారో తెలుగువారికి నేను పేరు చెప్పనక్కరలేదు. మా నాయన చేతిరాతతో ఉన్న ప్రతి ఇప్పటికీ నా పెట్టెలో ఉంది.

"నీల్లేవీ అత్తా?" అని అడిగింది నా కుమార్తె.

"నీ కుంటలో ఉన్నాయి కదే."

ఆమె నవ్వు ఆగిపోయింది. "కుంటలో ఒక్క సెంబు కూడా ఇవ్వను. దేవుడొచ్చి అడిగినా ఇవ్వను."

"దేవుడెందుకు అడుగుతాడే పిల్లా, ఆయనకి సిగ్గు. నానే అడుగుతున్నాను."

"నీ నోటికి బయపడతాను గాని అత్తా, నీల్లు మాత్రం ఇవ్వను. అయ్యి మొక్కలయి."

అప్ప ఆమె ముఖంలోకి కొంతసేపు తేరిపార చూచింది. ఏమి కనబడిందో ఏమో, గొంతు తగ్గించింది. "సరేలే. పరిట్‌లో తోడుకుంతాం. అదేం నీ అత్తోరి సొత్తు కాదు కదా?"

"తోడుకోండి. మొన్న సూసినాను, ఉప్పు తగలలేదు. దేవుడికి ఎంత పోస్తారో పోసుకోండి, నా వరసల జోలికి మాత్రం రాకండి."

ముహూర్తం చూసే భారం నామీద పడింది. పౌర్ణమి సోమవారంతో కలిసి వస్తున్నది. శివునికి అంతకంటె ప్రీతికరమైన రోజు లేదన్నాను. పున్నమినాడు సముద్రం మిక్కిలిగా పొంగుతుందన్న సంగతి రేవులో బ్రతికే అల్లుడికి తెలుసు. నర్సరీలో బ్రతికే కూతురికి తెలుసు. పద్యాలలో బ్రతికే నాకూ తెలుసు. చంద్రుణ్ణి చూచి సముద్రుడు ఉప్పొంగడం మన కవులు చేయి నొప్పి పుట్టేదాకా వర్ణించిన విషయమే గదా. అయినా పంచాంగంలోని పున్నమిని, పరిట్ కొసనున్న ఇనుప తలుపును పక్కపక్కన పెట్టి చూచినవారు మాలో ఒక్కరూ లేకపోయారు.

ఆనాడు తెల్లవారకముందే ఎస్టేటు ఆడవాళ్ళందరూ తలంట్లు పోసుకొని తడిబట్టలతో వచ్చారు. పరిట్ రేవునుంచి గర్భగుడి గడపదాకా వరుస కట్టారు. కడవలతోపాటు ప్లాస్టిక్ బకెట్లు, చేయిమార్చి చేయికి, సాగివస్తున్నాయి. వరుసలో మొదట నిలిచిన ఒక కోడలుపిల్ల తొలి కడవ ముంచి, అలవాటు చొప్పున అందులో వేలు పెట్టి నోటివద్దకు తీసుకొనిపోబోయింది. అప్ప ఆ చేతిమీద చటుక్కున ఒక దెబ్బ వేసింది.

"దేవుడి నీల్లు ఎంగిలి సేస్తావేటే? నీ మొగుడికి కూర రుసి సూసినట్టు!"

వరుస వరుసంతా నవ్వింది. ఆ పిల్ల నాలుక కరుచుకొని, ఆ కడవను పరిట్‌లోనే కుమ్మరించి, వేలు కడుక్కొని, మరల ముంచింది. నేనూ నవ్వాను. దేవునికి నివేదించే దానిని ముందుగా రుచి చూడరాదన్నది మా ఇళ్ళలో పాలు మరచిననాడే నేర్పే నియమం. ఆ రోజు వేయి కడవలు మా చేతులమీదుగా పోయాయి. ఒక్కదానిలోనైనా ఒక్కరి వేలైనా మునగలేదు.

నేను గర్భగుడి ద్వారం ప్రక్కన పీట వేసుకొని పర్వం అందుకొన్నాను. ఒక్కొక్క పద్యానికి కొన్ని కడవల చొప్పున నీరు లింగం మీదినుంచి జారి, నేలమీద మడుగు కట్టి, పైకి లేస్తున్నది. ఎండ ఎక్కేకొద్దీ పొగ దట్టమైంది. గొంతులో గరగర మొదలైంది. నడుమ ఒకసారి చిన్నదొర మోటారు సైకిలు వచ్చి నర్సరీ వద్ద ఆగిన చప్పుడు వినబడింది. కుంటలో పంపు బురద పీలుస్తున్నదనీ, వెంటనే రమ్మన్నాడనీ చెప్పి నా కుమార్తె వరుసనుంచి తప్పుకొని వెళ్ళింది. వెళుతూ వెళుతూ తడి చెంగుతో ముఖం తుడుచుకొని నావైపు చూచింది. ఆ చూపులో ఏ దేవుణ్ణీ నేను చూడలేదు. పంపు ఆగిపోతే ఏమిటన్న ప్రశ్న ఒక్కటే కనబడింది.

లింగం పూర్తిగా మునిగింది. అంతట సోమసూత్రానికి, అనగా అభిషేకజలం బయటికి పోయే తూముకు, పెట్టిన బిరడా తీశారు. మామూలుగా ఆ నీరు పరిట్‌లోకే పోతుంది. అప్ప మాత్రం తూము క్రింద పెద్ద పెద్ద నీలిరంగు డ్రమ్ములు పెట్టించింది.

"ఇంత కరువులో ఇన్ని నీల్లు మట్టిపాలు సేస్తామేటి? తీర్తం ఇది. నా మేనకోడలి మొక్కలకి పోద్దారి పదండి. పాపం అది పంపు కాడ ఏడుస్తా ఉంది. వచ్చీసరికి వరసలు తడిసిపోయుండాల."

ఆడవాళ్ళకు ఆ మాట ఎంత నచ్చిందో చెప్పలేను. పొద్దుటినుంచి మోసిన అలసట మరచిపోయి, డ్రమ్ములను తోపుడుబండి మీద ఎక్కించి, పాటలు పాడుతూ నర్సరీవైపు సాగారు. నా కుమార్తె తన వరుసల జోలికి రావద్దన్న మాట వారిలో ఎవ్వరికీ తెలియదు. తెలిసిన అప్పకు, అది కుంట నీటి గురించి అన్న మాటగానే మిగిలింది. పాట వింటూ నేను కడపటి పద్యాలు చదువుతున్నాను. నా కళ్ళు చెమర్చాయి. ఈ దేశంలో మా జాతి ఇంకా బ్రతికే ఉన్నదని ఆ పాటలో నాకు తోచింది.

ఫలశ్రుతి చదివి, ప్రతి మూసి, పాత్రలో మిగిలిన తీర్థాన్ని అరచేతిలో పోసుకొని పుచ్చుకొన్నాను.

ఉప్పగా ఉంది.

మీసాలమీదినుంచి చెమట కారిందనుకొన్నాను. ఉత్తరీయంతో మూతి తుడుచుకొని, అరచేయి తుడుచుకొని, మరల పోసుకొన్నాను. ఉప్పు. పున్నమి, పోటు, ఇనుప తలుపు, ముంచని వేళ్ళు, నీలి డ్రమ్ములు, ఆ పాట. అంతా ఒక్కసారిగా అర్థమైంది. ముసలివారికి పరుగు ఉండదని అంటారు. నేను పరుగెత్తాను. చెప్పులు కూడా వేసుకోలేదు. నర్సరీ ఇసుక అరికాళ్ళను పెనంవలె కాల్చింది.

వరుసల నడుమ ఆడవాళ్ళు చెంబులతో పోస్తున్నారు. ఎండిన మట్టి ఆ నీటిని గుటకలు వేసి తాగుతున్నది. ఆపండి అని అరవబోయాను. పొద్దుటినుంచి పద్యాలు చదివిన గొంతు అది. గాలి తప్ప మరేమీ రాలేదు. రెండు చేతులూ పైకెత్తి ఊపాను. వారు నన్ను చూచి చెంబులు క్రింద పెట్టి, దండాలు పెట్టి, మరల ఎత్తుకొన్నారు.

"సూడండే! మా తమ్ముడికి పూనకం వచ్చినాది!" అని మా అప్ప ఆనందంతో కేక వేసింది.

అంతటి భయం నా జీవితంలో మరొకటి లేదు. కీడు కళ్ళముందే జరుగుతున్నది; చేస్తున్నవారు ప్రేమతో చేస్తున్నారు; నేను నోరు తెరిచినకొద్దీ వారు మరింత భక్తితో పోస్తున్నారు. చివరికి ఒక స్త్రీ చేతిలోని చెంబును లాగి నేలకు కొట్టాను. అప్పుడు పాట ఆగింది.

ఆ నిశ్శబ్దం విని నా కుమార్తె పంపు షెడ్డునుంచి వచ్చింది. మోచేతులదాకా నల్లని బురద. నా ముఖం చూచింది, డ్రమ్ములు చూచింది. ఒక డ్రమ్ములో వేలు ముంచి నాలుకకు రాసుకొని ఉమ్మివేసింది. తరువాత ఆ డ్రమ్మును భుజంతో నెట్టి బోర్లించింది. దానికి ఎంత బలం కావాలో, ఆమెకు ఎక్కడినుంచి వచ్చిందో నాకు తెలియదు.

"ఏటయినాదే?" అన్నది అప్ప.

"ఉప్పు అత్తా."

"దేవుడి నీల్లే అయ్యి..."

"దేవుడి నీల్లే. ఉప్పు నీల్లు."

ఎవరో కడిగేద్దామన్నారు. కడగడమంటే సంచి అడుగు రంధ్రాలనుంచి ఉప్పు దిగిపోయేదాకా మంచినీరు పోయడం. నా కుమార్తె కుంట గట్టుకు వెళ్ళి నిలబడింది. కుంట అడుగున కాస్త నీరు, పొగ పట్టిన ఆకాశం. తడిసిన వరుసలను కడిగితే ఆ నీరు అయిపోతుంది, మిగిలిన నర్సరీ ఎండిపోతుంది. కడగకపోతే తడిసినవి చస్తాయి. ఏది చేసినా చచ్చిన మొక్కలకు లెక్క చెప్పవలసినది ఆమె. నేను ఆమె వీపును చూస్తూ నిలబడ్డాను. దగ్గరికి వెళ్ళాలని ఉంది, వెళ్ళలేదు. ఆమె ఏమి నిర్ణయిస్తుందోనన్న భయం కంటె, నీవేమంటావు నాన్నా అని నన్ను అడుగుతుందేమోనన్న భయం ఎక్కువైంది.

ఆమె అడగలేదు. తిరిగి వచ్చి, "కుంటలో ఉన్నది మిగిలినోటికే సాలదు. ఇయ్యి వదిలేద్దారి," అన్నది.

అప్ప సంచుల నడుమ నేలమీద కూలబడిపోయింది. ఎవరినైనా మాటతో పడగొట్టగల మనిషి, తడిసిన మట్టిని గోళ్ళతో గీకుతున్నది. నా కుమార్తె వంగి ఆమె చంకలో చేయి వేసింది.

"లెగు అత్తా. ఎండ."

అంతకుమించి ఆనాడుగాని, ఆ తరువాతగాని ఆమె ఎవరినీ ఏమీ అనలేదు. అనివుంటే నాకు కొంత ధైర్యంగా ఉండేది.

ఆ వరుసల ఆకుల కొసలు గోధుమరంగుకు తిరిగాయి. రంగు కొసనుంచి ఈనె వెంట లోపలికి నడిచింది. నేను ప్రతి ఉదయం వెళ్ళి చూచేవాణ్ణి. నిన్నటికంటె ఎంత నడిచిందో చూడడానికి. మోటారు సైకిలు చప్పుడు వినబడినప్పుడల్లా గుమ్మంలోకి వచ్చి నిలబడేవాణ్ణి. అది ఎక్కువసార్లు రొట్టెలమ్మే వాడిది. చివరికి ఒక ఉదయం చిన్నదొరదే అయింది.

అతడు బండి దిగి, టోపీ తీసి, మాడిన వరుసల వెంట ఈ చివరనుంచి ఆ చివరకు నడిచాడు. ఎరువు ఎక్కువైందా అని మలయాలో అడిగాడు. నా కుమార్తె అదే భాషలో బదులు చెప్పింది. ఉప్పునీరు తగిలిందనీ, నర్సరీ తనదనీ, చూచుకోవలసినది తానేననీ. గుడి పేరు ఎత్తలేదు. ప్రక్కనే నిలిచిన అప్ప, వచ్చీరాని మలయాలో ఏదో చెప్పబోయి ముందుకు వచ్చింది. నా కుమార్తె ఆమె మణికట్టు పట్టుకొని గట్టిగా నొక్కింది. అప్ప ఆగిపోయింది.

చిన్నదొర ఫోను తీసి ఫొటోలు తీశాడు. తీసిన వాటిని తానే కొంతసేపు చూచుకొన్నాడు. "ఇవి ఆఫీసుకు పంపితే మొదట నన్ను అడుగుతారు, ఆ తరువాత నిన్ను," అన్నాడు. అతని మెడమీద చెమట ధారలు కట్టి ఉంది. అతనికి క్రిందటి నెలలోనే బిడ్డ పుట్టిందని మాకు తెలుసు. ఫోను జేబులో పెట్టుకొన్నాడు. "మిగిలినవి వానదాకా బ్రతకనీ, అక్కా. తరువాత చూద్దాం."

తరువాత అన్న ఆ మాటను నేను ఎన్ని విధాలుగా అన్వయించుకొన్నానో చెప్పలేను. పద్యానికి అన్ని అన్వయాలు ఎన్నడూ వెదకలేదు. ఆమె మాత్రం ఆ మాట ప్రకారమే చేసింది. కుంటలో మిగిలిన నీటిని చెంబులతో తోడి, ప్రతి సంచికి మొదట్లోనే పడేటట్లు మెల్లగా పోసేది. ఎండ ముదరకముందు ఒక విడత, దిగిన తరువాత ఒక విడత. మా అప్ప కూడా వెళ్ళి పోసేది. ఒకరితో ఒకరు మాట్లాడుకొన్నట్లు నేను చూడలేదు.

వాన ఒక మధ్యాహ్నం వచ్చింది. ఉరుము లేకుండా, ముందుగా చెప్పకుండా, పొగను చీల్చుకొని వచ్చి రేకుల మీద పడింది. ఆడవాళ్ళు ఇళ్ళలోనుంచి బయటికి వచ్చి ముఖాలు పైకెత్తి నిలబడ్డారు. చాలా రోజుల తరువాత మా అప్పకు నోరు వచ్చింది.

"సూసినావేట్రా తమ్ముడా? ఉప్పునీల్లకే ఇంత కురిసినాడు. మంచినీల్లు పోసుంటే ఎస్టేటు ములిగిపోను!"

నా కుమార్తె ఆ మాటకు నవ్వి, వానలోనే నర్సరీకి పరుగెత్తింది. మిగిలిన వరుసలు బ్రతికాయి. నేను గుమ్మంలో నిలబడి ఆకుల మీద నీళ్ళు జారడం చూచి, ఇక భయపడనక్కరలేదని అనుకొన్నాను. ఎంత తొందరపడ్డాను!

నేల నానగానే లారీలు వచ్చాయి. తోటలో ముసలి చెట్లను కొట్టివేసిన చోట ఈ మొక్కలను నాటాలి. అందుకు తడి నేల కావాలి. వాన కోసం ఆగినది మేమొక్కరమే కాదు. మొక్కలన్నీ వెళ్ళిపోతే నర్సరీలోకి కొత్త గింజలు వస్తాయా అని నా కుమార్తె అడిగింది. ఆఫీసువారు ఇంకా ఏమీ చెప్పలేదన్నాడు చిన్నదొర. పక్క ఎస్టేటులో కూడా మొదట ఇలాగే ఏమీ చెప్పలేదట. అప్పుడు నాకు స్పష్టమైంది. చావు తప్పించి ఆమె కాపాడిన ప్రతి మొక్కా లారీ ఎక్కి వెళ్ళిపోతుంది. అది కదిలిన చోట సంచి మచ్చ ఒకటి ఇసుకలో మిగులుతుంది. వాన ఎంత బాగా కురిస్తే అంత త్వరగా నర్సరీ ఖాళీ అవుతుంది. వేయి కడవలు పోసి మేము వేడుకొన్నది దీనినే. రాత్రి కప్పు మీద వాన చప్పుడు వినబడితే, చిన్నతనాన నవ్వు తెప్పించిన ఆ చప్పుడు వినబడితే, ఇప్పుడు నాకు నిద్ర పట్టదు.

లారీ ఎక్కించేముందు మొక్క ఆకులను పైకి కూడగట్టి దారంతో కట్టాలి. లేకుంటే దారిలో విరిగిపోతాయి. కూర్చొని చేయగలిగిన పని గనుక నేను కూడా వెళ్ళి కడుతున్నాను. నిన్న కుంట గట్టున ఉన్న వరుసవద్దకు వచ్చేసరికి నా కుమార్తె నా చేతిలోని దారపు ఉండ తీసుకొన్నది.

"ఈ వరస వద్దు నాన్నా. లేతగున్నాయి. ఇంకా కొన్నాల్లు ఉండాల."

నేను ఆ మొక్కలను చూచాను. లేతవి కావు. నర్సరీ మొత్తంలో అంత పుష్టిగా, అంత నిండుగా ఉన్న వరుస మరొకటి లేదు. ఎన్నడో తోటలో ఉండవలసినవి. ఆమె నా ముఖంవైపు చూడలేదు. నేను ఔనమ్మా, లేతగానే ఉన్నాయన్నాను.

చిన్నదొర వచ్చి ఆ వరుస ముందు ఆగాడు. ఒక ఆకును వేళ్ళమధ్య పట్టి కొసదాకా నిమిరాడు. ఏడాదిగా ఈ పని చూస్తున్న మనిషి; అతనికి తెలియకపోదు. నా కుమార్తె చేతులు దారపు ఉండను తిప్పుతూనే ఉన్నాయి. లారీ డ్రైవరు హారను కొట్టాడు.

"సరే," అన్నాడు చిన్నదొర ఆకును వదిలి. "ఈ వరుస వచ్చే వారం."